పెరటి మెట్టు దగ్గర లోయ వాసన

ఆకు ఒకటే, పువ్వు ఒకటే. కానీ గట్టు మీది అడవి పుదీనా బట్టీ పెడితే నూనె ఘాటుగా గొంతు పట్టేస్తుంది. లోయలోదైతే నిమ్మతొక్క వాసన. కోసిన మోపు ఎక్కడిదో విప్పకుండానే చెప్పేది బట్టీ ముసలాయన భార్య. ఆమె ముక్కు దాటాకే ఏ మోపైనా బానలోకి వెళ్లేది. ఆమె జుట్టుకు ఎప్పుడూ లోయ వాసనే.

ఆమె పోయింది. బట్టీ పని ఆమె తమ్ముడి చేతికి వచ్చింది. పొడుం పీల్చి పీల్చి చచ్చిన ముక్కు అతనిది. రెండు చోట్ల ఆకూ ఒకే బానలో ఉడకేశాడు. కొనేవాళ్లు సరుకు తిప్పి పంపారు. దానికతను కనిపెట్టిన మందు, లోయంతా పీకించి గట్టు పిలకలు నాటించడం.

"వాళ్లకి ఒకే వాసన కావాలిట బావా. నేనేం చెయ్యను?"

"మీ అక్క ఉంటే నీ చెయ్యి విరిచేది."

"ఉంటే కదా!"

ఆ రోజు నుంచి బావమరిదికి ఆ ఇంట్లో మంచినీళ్లు పుట్టలేదు. ముసలాయన ఆమె బట్టల్లో ఎంత ముఖం దాచుకున్నా సబ్బు వాసనే తగిలింది. లోయతో పాటు ఆమె రెండోసారి పోయింది.

వానలు పట్టాక ఒక ఉదయం వంటగదిలోకి నిమ్మతొక్క వాసన వచ్చింది, పెరటి తలుపు కింద నుంచి. ఆమె పోయాక ఆ తలుపు తీసినవాళ్లు లేరు. తుప్పు పట్టిన గడియ సుత్తి దెబ్బలకు గానీ కదల్లేదు.

కోత నుంచి వచ్చి ఆమె బట్టలు దులుపుకునే మెట్టు పక్కన పుదీనా గుబురుగా మొలిచింది. చుట్టూ నిలువెత్తు గోడ. గుబురు నడుమ కొమ్మలు నలిగి ఉన్నాయి, ఎవరో ఇప్పుడే పాదం మోపినట్టు. పసరు ఇంకా తడిగా ఉంది.

సుత్తి చప్పుడుకు బట్టీలోంచి బావమరిది వచ్చి, నిచ్చెన వేసుకుని గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏం మొక్క బావా అది? లోయదైతే పీకెయ్యాలి. విత్తనం మళ్లీ పాకిపోద్ది."

"గట్టుది."

"ఓ ఆకు ఇలా ఇయ్యి."

ముసలాయన ఒకటి తుంచి పైకి అందించాడు. బావమరిది నలిపాడు, గట్టిగా పీల్చాడు.

"గట్టుదే. నాకు తెలీదా?"

"నీకు తెలీందేముందిరా!"

తల గోడ వెనక్కి దిగిపోయింది. ముసలాయన గడియ ఊడదీసి అవతల పారేశాడు. నలిగిన కొమ్మల్ని మాత్రం లేపి నిలబెట్టలేదు.