శనివారం ఆటల చాటింపు

మైకు పనిచేస్తుందో లేదో చూడడానికి ఎవరైనా "హలో, హలో" అంటారు. ప్రతాప్ మాత్రం ఆ శుక్రవారం పొద్దున వేలితో రెండుసార్లు తట్టి ఊరుకున్నాడు. ఆటో పైకప్పు మీద తాళ్లతో బిగించిన లౌడ్‌స్పీకరు టకటకమంది. అది చాలు. ఒక్క హలో కూడా దండగ చేసుకునే స్థితిలో లేడాయన.

యాభై దాటిన మనిషి. ఎండకు మాడి మాడి ముఖం, చేతులు ఒకే రంగుకు వచ్చాయి. భుజాలు సన్నవి, కాళ్లు పొడుగు, నడిస్తే కొంచెం ముందుకు వంగుతాడు. అనంతపురం ఎండల్లో ఎవరూ కట్టని మఫ్లరు మెడ చుట్టూ కట్టుకున్నాడు. దాని కింద ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ. అడిగినవాళ్లకు జలుబని చెబుతున్నాడు. మూడు నెలల జలుబు ఎక్కడైనా ఉంటుందా అని ఎవరూ ఎదురడగలేదు, అదే ఆయన అదృష్టం.

భార్య ఎలిజబెత్ వేడినీళ్ల ఫ్లాస్కు తెచ్చి సీటు పక్కన పెట్టింది.

"ఏమయ్యా, డాక్టరు నోరెత్తద్దని చెప్పినాడు. నువ్వేమో ఊర్లన్నీ తిరుగుతానంటాండావు. సోమవారం ఆపరేషన్ పెట్టుకోని ఎవురన్నా ఇట్ల చేస్తారా?"

ప్రతాప్ చెయ్యి ఊపాడు. పోయొస్తానని ఒకటి, నువ్వు భయపడద్దని ఒకటి. భయం ఆమెకన్నా ఆయనకే ఎక్కువ. బెంగళూరు ఆసుపత్రిలో సోమవారం గొంతులో మాట పలికించే పెట్టె తీసేస్తారు. ప్రాణం నిలుస్తుంది, మాట నిలవదు. డాక్టరు ఆ రెండూ ఒకే గుక్కలో చెప్పాడు, వర్షం పడుతుంది కానీ పంటకు పనికిరాదు అన్నట్టు. ఆదివారం రాత్రి రైలుకు టికెట్లు తీసేశారు.

అంతలోపల ఆయనకొక పని ఉంది.

అనంతపురం దాటాక వేసిన కొత్త గ్రౌండులో శని, ఆదివారాలు రగ్బీ ఆటలు. కాలేజీ పిల్లల ఆటలు కావు, జీతాలు తీసుకుని ఆడే క్లబ్బులవి. బత్తలపల్లె చుట్టుపక్కల తిరిగి వాటి గురించి చాటమని ప్రతాప్‌ను పెట్టుకున్నారు. పెట్టుకున్నది గౌతమి అని విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి. చేతిలో రెండు ఫోన్లు, మాటలో తొందర. గ్రౌండులో ఆట నడుస్తున్నప్పుడు తెలుగులో చెప్పే మనిషి కూడా ఆమెకు కావాలి.

"మీ గొంతు బాగుంది అంకుల్. కాస్త జోష్ తగ్గింది అంతే. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తాను. మా సార్ కూడా లైన్లో వింటారు. ఆయన ఊఁ అంటే రెండు రోజులూ మైకు మీదే" అంది.

ఆపరేషన్ సంగతి ప్రతాప్ ఆమెకు చెప్పలేదు.

ఆయన తండ్రి లింగన్న తప్పెట కొట్టి చాటేవాడు. ప్రతాప్ తప్పెట వదిలి మైకు పట్టుకున్నాడు కానీ చాటే సంగతులు పెద్దగా మారలేదు. ఇంటిపన్ను, కరెంటు కోత, తప్పిపోయిన మేకలు, అన్నిటికన్నా ఎక్కువగా చావులు. ఇన్నేళ్లలో ఆయన మాట విని ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టదగ్గ సంగతి ఎప్పుడు చెప్పాడు గనక! ఒక్కసారి, ఒకే ఒక్కసారి "గెలిచినారు!" అని అరిచి, ఎదురుగా జనం ఈలలు వేస్తుంటే వినాలి. సోమవారం లోపల వినాలి. ఆ తరువాత ఆ పెట్టె తీసుకుంటే తీసుకోనీ.

అందుకే సాయంత్రం దాకా గొంతు దాచుకోవాలి. చాటడం మానడానికీ లేదు. రికార్డు చేసి తిప్పుదామంటే ఇది ఎవరికీ తెలియని ఆట, జనం ప్రశ్నలు అడుగుతారు. రికార్డు ఎవరికి బదులు చెబుతుంది?

మొదటి ఊళ్లో పాలకేంద్రం దగ్గర ఆటో ఆపి, ఒక గుటక వేడినీళ్లు మింగి మొదలుపెట్టాడు.

"రేపు శనివారం సాయంత్రం మొదటి ఆట! మన గుంతకల్లు ఇంజన్లకూ బళ్లారి బుల్లెట్లకూ! పోయిన రెండాటలూ బళ్లారే గెలిచింది. మోకాలు దెబ్బ మానిన రైల్వే కాలనీ కుర్రోడు భరత్ ఈతూరి మళ్లా దిగుతాండాడు. రెండో ఆట చెన్నైకి, పూణేకి. గెలిచినోళ్లకి ఆదివారం ఫైనలు..."

ఇంకా ముగించలేదు, ఎదురింట్లోంచి హనుమంతమ్మ అనే ముసలామె కొంగు తలమీదికి లాక్కుంటూ గబగబా వచ్చింది.

"ఎవరు పోయిరి నాయనా?"

పాలకేంద్రం దగ్గరున్నవాళ్లు పగలబడి నవ్వారు. ప్రతాప్ కూడా నవ్వాడు కానీ లోపల చివుక్కుమంది. ఆయన గొంతు వినబడితే ఈ మండలంలో ఎవరైనా ముందు అడిగేది అదే. మాట చివర కిందికి దిగిపోయే ఆ రాగం చావులు చాటి చాటి అబ్బింది. గౌతమి జోష్ అన్నది దీన్ని గురించే కాబోలు.

"ఎవురూ పోలేదమ్మా. ఆటలు."

"కబడ్డీనా?" అన్నాడొకాయన, పాలక్యాను మీద కూర్చుని.

"దానికి తమ్ముడనుకో. బంతి చంకన పెట్టుకోని అవతలి గీత దాటల్ల. అడ్డమొచ్చి పడేస్తారు. బంతి మాత్రం ముందుకి ఇసరగూడదు, ఎనక్కే ఇయ్యల్ల."

"ముందుకి పోవల్లంటే ఎనక్కి ఇయ్యల్లనా? ఇదేందప్పా, మన తాలూకాఫీసు మాదిరి ఉండాది!"

మళ్లీ నవ్వులు. ఇన్ని మాటలు ఖర్చయ్యాయని ప్రతాప్‌కు గుబులు పుట్టింది. ఆటో తిప్పాడు.

మధ్యాహ్నానికి నాలుగైదు ఊళ్లు తిరిగాడు. దారి పొడుగునా ఎర్రనేల, వాన కోసం చూసి చూసి ముడుచుకుపోయిన చెనక్కాయ చెట్లు. ఊరికీ ఊరికీ మధ్య పెదవులు గట్టిగా మూసుకుని నడిపాడు. ఎదురైనవాళ్లు పలకరిస్తే తల ఊపాడు. ఒకచోట ఆటో దిగి ఉమ్మితే ఎర్రగా కనబడింది. మట్టి రంగే అనుకోవాలని చూశాడు. అనుకోలేకపోయాడు. చెప్పులతో దాని మీద దుమ్ము తోసి, జేబులోంచి పటికబెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. సాయంత్రం ఫోనులో ఏమనాలో లోలోపలే అనుకున్నాడు, పెదవులు కూడా కదపకుండా. మాట చివర పైకి లేపాలి. పైకి.

చివరి ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఇదొక్కటి అయిపోతే ఇక ఫోను కోసం చూడడమే. వీధి మొగలో ఆటో ఆపి, గొంతు సవరించుకుని, "రేపు శనివారం సాయంత్రం..." అన్నాడో లేదో, నలుగురైదుగురు ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని వీధిలోంచి వస్తున్నారు. పొద్దుటి హనుమంతమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఈసారి తనే ముందుగా, మైకులోనే, బాగా పైకి లేపి అన్నాడు:

"ఎవురూ పోలేదు తల్లీ! భయపడాకండి! ఇది ఆటల చాటింపు!"

ఊరంతా వినబడింది. ఆడవాళ్లు ఆగిపోయి ఆయనవైపు చూశారు. ఒక్కరూ నవ్వలేదు. వాళ్ల వెనక నుంచి రంగన్న అనే పెద్దమనిషి పరుగులాంటి నడకతో వచ్చి ఆటో కమ్మీ పట్టుకున్నాడు.

"పోయినాడన్నా. మగ్గం మార్కండేయ పోయినాడు. ఇప్పుడే. మగ్గం మీద కూర్చున్నోడు కూర్చున్నట్లే ఒరిగిపోయినాడు."

ప్రతాప్ మైకు ఆపేశాడు. చెవులు భగ్గుమన్నాయి. చావింటి ముందర నిలబడి ఎవరూ చావలేదని మైకులో కేకేసిన మనిషి ఈ భూమ్మీద తనొక్కడే అయ్యుంటాడు. లింగన్న బతికుంటే తప్పెట కర్రతో కొట్టేవాడు.

"తప్పైపోయిందన్నా."

"నీకేం తెలుసులే. ఇప్పుడు నువ్వే చాటల్ల. ఆయప్ప చుట్టాలంతా ఈ సుట్టు పల్లెల్లోనే ఉండారు."

ఆ పక్క ఊళ్లలో ఒక కట్టుబాటు ఉంది. చావు జరిగిన ఊళ్లో ఏ చాటింపుదారు ఉంటే అతనే ముందు ఆ చావు చాటాలి. మిగతా చాటింపు ఏదైనా సరే ఆగిపోవాలి. ఇంతవరకూ ప్రతాప్ దాన్ని మీరలేదు. ఇవాళ మాత్రం రంగన్నవైపు చూసి గొంతు చూపించాడు, మఫ్లరు కొంచెం కిందికి లాగి.

"బాగలేదన్నా. నువ్వే మైకు పట్టుకో. నేను ఆటో తోల్తా."

రంగన్న ఆ గడ్డ చూశాడు. చూసి కూడా అన్నాడు: "నేను చెప్తే ఎవురు నమ్ముతారప్పా? నీ గొంతు ఇంటేనే సావని తెలుస్తాది జనానికి."

కోపమొచ్చింది ప్రతాప్‌కు. ఏడుపూ వచ్చింది. ఏ క్షణాన్నైనా ఫోను మోగుతుంది. ఒక్క గంట, ఒక్క గంట ఆగి చచ్చుంటే ఏం పోయె ఈ మార్కండేయ అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గేసింది. ఆ మొగలోనే ఉన్న మార్కండేయ ఇంటి లోపల ఎవరో ఆడమనిషి గట్టిగా కాదు, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఏడుస్తోంది. ఎవరూ పోలేదని తను కేకేసినప్పుడు ఆమె వినే ఉంటుంది.

మైకు తీశాడు.

"నాగప్ప కొడుకు మగ్గం మార్కండేయ... మగ్గం మార్కండేయ... కాలం చేసినాడు. రేపు పొద్దున ఎత్తుతారు. బంధువులు, కులపెద్దలు రావల్ల."

ఇంత శుద్ధంగా ఆ రోజంతా పలకలేదు. చుట్టూ ఉన్న పల్లెలకు రంగన్నను పక్కన కూర్చోబెట్టుకుని పోయాడు. మొదటి పల్లెలో గొంతు నిలిచింది. రెండో దాంట్లో చిరిగింది. చివరి పల్లెలో "మార్కండేయ" అని పేరొక్కటే బయటికొచ్చింది, తరువాతదంతా గాలి. పేరు చాలు. ఇళ్లలోంచి కొంగులు కప్పుకుని బయటికొచ్చారు.

తిరిగొచ్చి మార్కండేయ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. వాకిట్లో చాప మీద మార్కండేయ పడుకుని ఉన్నాడు. పొట్టి మనిషి, వేళ్లకు ఇంకా పట్టు రంగు. ఆయన భార్య లోపలికి వెళ్లి, ఆ దుఃఖంలోనే, వేడినీళ్లలో ఉప్పు వేసి స్టీలు గ్లాసుతో తెచ్చి ప్రతాప్ పక్కన పెట్టింది. "తాగప్పా, గొంతు పోయింది నీకు" అని మళ్లీ వెళ్లి భర్త తల దగ్గర కూర్చుంది.

అప్పుడు మోగింది ఫోను.

"అంకుల్, గౌతమిని. సార్ లైన్లో ఉన్నారు. ఒకసారి చెప్పండి, రేపు ఫస్ట్ మ్యాచ్ గుంతకల్లు, బళ్లారి... మంచి జోష్‌తో!"

ప్రతాప్ నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు. "అంకుల్? హలో? వినబడుతోందా?" అంటోంది ఆ పిల్ల. ఇంకోసారి ప్రయత్నించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రంగన్న మెల్లగా ఫోను అందుకున్నాడు.

"అమ్మా, ఆయప్ప మాట్లాడలేడమ్మా. మా ఊర్లో మనిషి పోతే చాటినాడు. ఉన్న గొంతు దానికే సరిపోయింది."

అవతల నుంచి ఎవరిదో మగగొంతు, "ఓకే, వేరే వాళ్లని చూడు" అంది.

ప్రతాప్ లేచాడు. చావింటి నుంచి పోయొస్తామని చెప్పి వెళ్లకూడదు. వచ్చినవాళ్లంతా అలాగే మాట లేకుండా లేచి పోతున్నారు. వాళ్ల మధ్యన ఆయనా పోయాడు. ఆటో చప్పుడు వీధి మలుపు తిరిగింది.

అరుగు మీద ఉప్పునీళ్ల గ్లాసు నిండుగా అట్లాగే ఉంది, ఇంకా ఆవిరి లేస్తూ.