అక్క సామాను

తమ్ముడి ప్యాంటు నడుము దగ్గర కుట్లు విప్పుతూ అక్క కూనిరాగం తీసింది. ఆ కుట్టు దుకాణంలో ఆమె పాడగా విన్నవాళ్ళు లేరు, తిట్టగా విన్నవాళ్ళే అందరూ. ఆల్టరేషన్లకి వీధి వీధంతా ఆమె దగ్గరికే వస్తుంది, ఆమె నోటికి జడుస్తూనే వస్తుంది. అలాంటి మనిషి పాడుతోందంటే కారణం చిన్నదై ఉండదు. పుల్లలా ఎండిపోయిన తమ్ముడు ఒళ్ళు చేస్తున్నాడు మరి!

తమ్ముడికి కారు నడపడం నేర్పే ఉద్యోగం. రెండు కిడ్నీలూ చెడిపోయి మంచాన పడితే అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటుందా? కనిపించినప్పుడల్లా పలకరింపు ఒకటే.

"నా సామాను ఎలా ఉందిరా?"

"భద్రంగా ఉందక్కా. అచ్చం నీలాగే, ఒక్క నిమిషం ఊరుకోదు."

పెట్టిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా పొద్దునా సాయంత్రం బిళ్ళలు వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ. ఆ బిళ్ళల దగ్గర అతడు మహా నిక్కచ్చి. వచ్చిన చిక్కల్లా వేరే. ఆపరేషన్ తర్వాత మనిషిలో నవ్వు పోయింది, కంటికి నిద్ర కరువైంది. ఒకరోజు చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోకుండా అలాగే కూర్చుండిపోయి, "ఇదంతా దేనికక్కా?" అన్నాడు.  డాక్టరుతో చెప్పరా అని అక్క అంటే, "ఇప్పుడు మింగుతున్నవి చాలవా, దీనికి మళ్ళీ ఇంకోటా?" అని విసుక్కున్నాడు.

ఇక ఆవిడే బయల్దేరింది. పక్క సందులో కొత్తగా వెలిసిన షాపు అద్దాల నిండా సీసాలే. నిద్రకొకటి, జుట్టుకొకటి, జ్ఞాపకానికొకటి.

"దిగులు పోయి మనసు తేలికపడుతుందండీ, హాయిగా నిద్ర పడుతుంది. డాక్టరు చీటీ అక్కర్లేదు. మందు కాదుగా, ఆకు!" అంది షాపులో అమ్మాయి. పాపం, ఆ పిల్ల నమ్మే చెప్పింది.

సీసా మీద పసుపు పూల బొమ్మ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో హెచ్చరిక. సూది బెజ్జంలో దారం ఎక్కించే కళ్ళకి అవి కనిపించకపోలేదు. చదవబుద్ధి కాలేదు, అంతే.

చెప్పొద్దూ, ఆ సీసాలో క్యాప్సూల్స్ పనిచేశాయి. కొన్ని వారాలకి తమ్ముడు నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకి దుకాణంలోకి నవ్వుకుంటూ వచ్చాడు. "ఇవాళ ఒకాయన బ్రేకనుకుని హారన్ నొక్కాడక్కా. ఆగలేదేమండీ అంటే, 'నేను ఆగకపోతేనేం, ముందున్నవాళ్ళంతా ఆగారుగా' అన్నాడు!" అక్క సూది పక్కనపెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఈ క్యాప్సూల్స్ సంగతి డాక్టరుకి చెప్పాలంటావా?" అన్నాడతను.

"చెప్తే కసురుతాడు. మందైతే చెప్పాలి గానీ ఆకుకి కూడా లెక్కలు చెప్తామా? నోరు మూసుకుని మింగు."

మింగాడు. ఒంట్లో బాగున్నవాడు రక్తపరీక్షకి ఎందుకు పరిగెడతాడు? ఆ నెల పరీక్షని పై నెలకి తోశాడు. అక్క కూడా ఏమనలేదు.

ఆ తర్వాతే బుగ్గలొచ్చాయి. కాలరు బిగుసుకుంది, బూట్లు పట్టేస్తున్నాయన్నాడు. "దిష్టి తగుల్తుందిరా నీకు!" అని మురిసిపోయి, కుట్టు లోపల మడిచి ఉంచిన గుడ్డంతా వదిలి ప్యాంటు పెద్దది చేసింది. పదిరోజులు తిరగకుండా అదీ బిగుతైంది.

ఓ మధ్యాహ్నం అతణ్ణి నిలబెట్టి, గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుని, అంచు సరిచేయడానికి కాళ్ళ దగ్గర కూర్చుంది. మేజోడు కిందికి లాగి చీలమండ పట్టుకుంది. బొటనవేలు దిగబడింది. వేలు తీసింది. గుంట అలాగే ఉంది. ఎంతమంది ఒళ్ళు కొలిచిన చెయ్యి అది! పట్టిన కండైతే వేలు తీయగానే పైకి లేస్తుంది. ఇది లేవలేదు, ఇది నీరు.

"ఏంటక్కా?"

అక్క పళ్ళ మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసింది. "పొద్దున్నే ఆసుపత్రికి పోదాం" అంది.

పరీక్షలయ్యాక డాక్టరు కాగితం చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు. "మీ రక్తంలో మందు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. బిళ్ళలు మానేశారా?"

"ఒక్క పూట కూడా మానలేదండీ."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. "నిజం చెప్పరా! ఒళ్ళు కోయించుకుని ఇచ్చానురా నీకు! అంత నిర్లక్ష్యమా?"

డాక్టరు చెయ్యెత్తి ఆమెని ఆపాడు. "ఇంకేమైనా వాడుతున్నారా? మందే కానక్కర్లేదు. పొడి, ఆకు, టానిక్, ఏదైనా."

తమ్ముడు అక్కవైపు చూశాడు. అతడికి అర్థమైపోయింది. ఆ చూపులో నింద ఉంటే అక్క తట్టుకునేది. జాలి ఉంది.

"ఏం లేదండీ" అన్నాడతను తల దించుకుని. "నేనే మానేశాను. ఇందాక అక్క ముందు చెప్పలేకపోయాను."

అక్క చెయ్యి సంచిలో ఉంది. పరీక్షలయ్యాక వేసుకుంటాడని తెచ్చిన సీసా వేళ్ళకి తగుల్తోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుంటే అసలు కారణం డాక్టరుకీ తెలియదు.  అయినా సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"వాడు అబద్ధమాడుతున్నాడండీ. ఇవి నేనే మింగించాను. మీకు చెప్పొద్దన్నదీ నేనే. ఆకే కదా అని..."

డాక్టరు సీసా వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాలు చదివాడు. "దీనివల్ల దిగులు తగ్గదని నేననను, కొందరికి తగ్గుతుంది. కానీ అసలు బిళ్ళల్ని ఇది ఒంట్లో నిలవనివ్వదమ్మా. ఇన్నాళ్ళూ ఈయన వేసుకున్నవి చాలావరకు వేసుకోనట్టే."

"ఇప్పుడు ఆపేస్తే?"

"ఆపుదాం. ఇవాళే చేర్చుకుంటాను. కిడ్నీ నిలబడుతుందని మాత్రం మాటివ్వలేను."

వార్డులో తమ్ముడు ఆసుపత్రి బట్టలు కట్టుకుని మంచమెక్కాడు. విప్పేసిన ప్యాంటు అక్క ఒళ్ళో ఉంది. అలవాటుకొద్దీ వేళ్ళు కుట్టు లోపల తడిమాయి. ఇక వదలడానికి గుడ్డ లేదు.

"అక్కా, ఇవాళ అడగలేదేం?" అన్నాడు తమ్ముడు.

"ఏమని?"

"నీ సామాను ఎలా ఉందని" అంటూ నవ్వాడు. ఏ నవ్వు కోసం ఇంత చేసిందో, అదే నవ్వు.

అక్క నోరు తెరిచింది. అడగలేకపోయింది.