తగ్గిస్తే మినుకుమంటాయి

బీన్సు ఈనెలు తీస్తూ తెర మీద ఓ కన్నేసి ఉంచడం నాకు అలవాటే. కుడిపక్కన లాప్‌టాప్, ఎడమపక్కన పళ్లెం, మధ్యలో ఫోను. మా భోజనాల బల్ల మీద భోజనానికి తప్ప అన్నిటికీ చోటుంటుంది. ఎదురుగా అత్తయ్య కూర్చుని నాకు సాయం చేస్తోంది. అంటే, నేను ఈనెలు సరిగ్గా తీస్తున్నానో లేదో చూస్తోంది.

లాప్‌టాప్‌లో మీటింగు నడుస్తోంది. పిల్లల ఆస్పత్రిలో, ఫిట్స్ వచ్చే పిల్లల కోసం కొత్త వార్డు కట్టారు. దానికి లైట్లు పెట్టే కాంట్రాక్టు మా ఆయనది. ఆయన అక్కడ నిలబడి మాట్లాడుతుంటే, ఆయన వెనక గోడ మీద కనపడే పటాలూ పట్టికలూ ఇక్కణ్ణుంచి నేను జరుపుతుంటాను. అవి గీసిందీ నేనే, ఏ గదికి ఎన్ని లైట్లో లెక్క వేసిందీ నేనే. తెర మీద పేరు మాత్రం ఆయనది. నా మైకు ఎప్పుడూ ఆపి ఉండాలన్నది మా ఇంటి చట్టం. ఎవరైనా కొరుకుడుపడని ప్రశ్న వేస్తే ఆయన తన మైకు మీద వేలితో ఒకసారి తడతాడు. టక్. నేను జవాబు టైపు చేసి ఆయన ఫోనుకు పంపాలి. రెండుసార్లు తడితే ఇక చాలు, ఊరుకో అని. ఆరేళ్లుగా ఆ టక్కులకే నా గుండె ఉలిక్కిపడుతోంది. ఇంట్లో ఎవరైనా గిన్నె మీద గరిటె తట్టినా చేతులు ఫోను వెతుక్కుంటాయి.

పెళ్లికి ముందు నాలుగేళ్లు లైట్ల షాపులో పనిచేశాను. "ఎవరి దగ్గరో ఎందుకు, మన దగ్గరే చెయ్యరాదూ" అన్నాడు ఆయన. మన దగ్గర చేస్తే దాన్ని ఉద్యోగం అనరు, సాయం అంటారు. ఆయనకు వాట్లు తప్ప ఇంకో ముక్క రాదు. లూమెన్లంటే లైటు ఇచ్చే వెలుగు, లక్స్ అంటే ఆ వెలుగు మన బల్ల మీద ఏ మేరకు పడిందో చెప్పే కొలత అని ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. "ఏదో ఒకటి, వెలిగితే చాల్దా?" అంటాడు. తల్లీకొడుకులది ఒకటే పాట. "స్విచ్చి వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. దానికింత చదువెందుకే?" అంటుంది అత్తయ్య. ఒకసారి ఫోన్లో రెండు పూటలా డ్రైవరు గురించే మాట్లాడుతున్నానని, "ఎవడే ఆ డ్రైవరు?" అని నిలదీసింది. కరెంటును ఎల్ఈడీ లైటుకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా అత్తయ్యా అది, అన్నాను. నమ్మినట్టు లేదు.

ఒకే ఒక్కసారి చట్టం తప్పాను. ఒక డీలరు ఇంట్లో విందుకు వెళ్లినప్పుడు, నలుగురిలో ఆయన ఏదో అంటే "వాట్లు కాదండీ, లూమెన్లు" అని నోరు జారాను. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఒకే గదిలో ఉండి, "అమ్మా, చొక్కా ఇస్త్రీ చేసిందేమో అడుగు" అనేవాడు. అత్తయ్య నా వైపు తిరిగి ఆ మాటే మళ్లీ చెప్పేది. నేను ఆమెకు జవాబు చెబితే ఆమె ఆయనకు చెప్పేది. పదో రోజున నేనే క్షమించమని అడిగాను. దేనికి క్షమాపణ చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు. తలచుకుంటే ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే భయమూ వేస్తుంది.

ఈ వారమంతా ఆ భయమే. వెలుగును తగ్గించే మీటను డిమ్మర్ అంటారు. మా గోడౌన్లో ఏదో హోటలు పనిలో మిగిలిన పాత డిమ్మర్లు పెట్టెలకు పెట్టెలు పడున్నాయి. ఆయన వాటినే వార్డులో బిగించేద్దామంటాడు. కరెంటు అలలు అలలుగా వస్తుంది. ప్రతి అలకూ మొదలు కోసి వెలుగు తగ్గించేది లీడింగ్ ఎడ్జ్ రకం, చివర కోసేది ట్రైలింగ్ ఎడ్జ్ రకం. బీన్సును తొడిమ వైపు తుంచడం, తోక వైపు తుంచడం లాగన్నమాట. గోడౌన్లోవి తొడిమ రకం, పాత బల్బుల కోసం చేసినవి. వాటి మీద కనీసం నలభై వాట్ల లోడు ఉండాలి. వార్డులో ఒక్కో మీటకు నాలుగు వాట్ల ఎల్ఈడీలు ఆరు. అంతా కలిపి ఇరవై నాలుగు వాట్లే. మీట పూర్తిగా తిప్పితే చక్కగా వెలుగుతాయి. తగ్గిస్తేనే తంటా. ఇదే బల్ల మీద ఆరు లైట్లు కలిపి చూశాను. మీట సగం వెనక్కి తిప్పగానే గోడంతా వణికింది. ఏ జబ్బూ లేని నాకే కళ్లు తిరిగాయి. మినుకుమనే వెలుగు కింద ఆ పిల్లల్ని పడుకోబెడితే ఫిట్స్ తిరగబెడతాయని ఆయనకు మూడుసార్లు చెప్పాను.

"ఎప్పుడు చూసినా నీకేదో ఒక భయం. నాలుగు రోజులు పోతే అవే కుదురుకుంటాయి" అన్నాడు.

లైట్లు కుదురుకోవు. కుదురుకునేది మనుషులే.

"డిమ్మర్లు ఏ రకం వాడుతున్నారు?" లాప్‌టాప్‌లోంచి ఆస్పత్రి ఇంజనీరు గొంతు.

టక్.

గబగబా టైపు చేశాను. "మనవి లీడింగ్ ఎడ్జ్. ఈ లైట్లకు పనికిరావు. ట్రైలింగ్ ఎడ్జ్ కొత్తవి తెప్పిస్తామని చెప్పండి."

ఆయన చదివినట్టున్నాడు. చిన్న దగ్గు. "ట్రైలింగ్ ఎడ్జ్ సార్" అన్నాడు, చాలా ధీమాగా.

నా చేతిలో బీన్సు కాయ విరిగింది. నేను పంపిన మూడు ముక్కల్లోంచి తనకు పనికొచ్చే ముక్క ఏరుకున్నాడు. ఇన్నాళ్లూ నా మాటలతో ఆయన గొప్ప చెప్పుకుంటే సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నా మాటతోనే అబద్ధమాడాడు.

"నాదొక్కటే సందేహమండీ" అంది వార్డు హెడ్ నర్సు. "పిల్లలు నిద్రపోయేటప్పుడు లైట్లు బాగా తగ్గిస్తాం. అప్పుడు మినుకుమినుకుమనవు కదా? మాకు అదొక్కటే ముఖ్యం."

"అస్సలు మినుకుమనవు మేడమ్. ఆ పూచీ నాది."

"వద్దండీ, అబద్ధం చెప్పకండి" అని పంపాను. ఆ వెంటనే రెండు చప్పుళ్లు. టక్, టక్.

నా చెయ్యి మైకు గుర్తు వైపు వెళ్లడం అత్తయ్య చూసింది. ఆమెకు డిమ్మర్లు తెలియవు కానీ నా మొహం తెలుసు.

"అమ్మాయ్, వద్దే" అంది గుసగుసగా. "మళ్లీ తొమ్మిది రోజుల రాయబారం నావల్ల కాదు."

"ఈసారి తొమ్మిదితో పోదు అత్తయ్యా" అన్నాను. మొదటిసారి గురి తప్పి పక్కన నొక్కాను. రెండోసారి సరిగ్గా నొక్కాను. మైకు గుర్తు మీదున్న ఎర్రగీత పోయింది. మా వంటింటి కుళాయి కారే చప్పుడు అక్కడ ఆస్పత్రి గదిలో వినపడుతున్నట్టుంది, అందరూ ఒక్కసారిగా తెర వైపు తిరిగారు.

"మినుకుమంటాయండీ" అన్నాను.

"ఎవరమ్మా మాట్లాడేది?" అంది హెడ్ నర్సు.

టక్, టక్. ఆగి, మళ్లీ, ఇంకాస్త గట్టిగా, టక్, టక్.

"ఈ లైట్ల లెక్కలు వేసినదాన్నండీ. ఎందుకు మినుకుమంటాయో, వాటి బదులు ఏం పెట్టాలో చెప్తాను. రాసుకోండి."