పథ్యం పెట్టిన ఇంజిను

నేను ఒక ఇంజిన్ని. లారీదో ట్రాక్టరుదో కాదు. రెండే తలుపులుండి, నేలకు జానెడెత్తున కూర్చున్నా ఆకాశం అందినట్టు మురిసిపోయే మనుషుల స్పోర్ట్సు కారు ఇంజిన్ని. పుట్టింది ఎక్కడో చలిదేశంలో. అక్కడ తెల్లటి చేతితొడుగులు వేసుకున్నవాళ్లు నన్ను కూర్చారు. పనిచేస్తున్నంతసేపూ ఎవరూ నోరు విప్పలేదు. మనుషులు మాట్లాడతారని, అందులో సగం అబద్ధమని నేను భీమవరం వచ్చాకే తెలుసుకున్నాను.

నా యజమాని పెద్దిరాజుగారు. రొయ్యల చెరువుల మీద పైకొచ్చిన మనిషి. ఆయన కారు కొన్న కొద్దిరోజులకే ఆయన భార్య తమ్ముడు ఉదయవర్మ కూడా అదే కారు, అదే రంగుది కొనుక్కొచ్చాడు. ఆనాటినుంచి ఆ ఇద్దరికీ అన్నం సహించింది లేదు. ఒకరు వీధిలోకి వస్తే రెండోవారు తాళాలు వెతుక్కునేవారు.

ముసురు పట్టిన ఒక రోజున ఇద్దరూ పక్కపక్కనే బయల్దేరారు. కాలవ పొంగి రోడ్డెక్కింది. ట్రాక్టరు నడిపేవాడొకడు చెయ్యి అడ్డంపెట్టి, "బాబూ, మోకాటిలోతుందండి, ఆగండి" అని అరిచాడు. ఆగితే వర్మ నవ్వుతాడని రాజుగారు, ఆగితే బావ నవ్వుతాడని వర్మ, ఇద్దరూ కార్లని నీళ్లలోకి దూకించారు. గాలి పీల్చాల్సిన నేను నీళ్లు పీల్చాను. గాలిని నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. నా లోపలి రాడ్లు చెరుకుగడల్లా వంగిపోయాయి. పక్కకారులో నా జోడుదీ అదే గతి. మా ఇద్దరినీ ఒకే ట్రాక్టరు తాడు కట్టి ఈడ్చుకుపోయింది. గట్టుమీద నిలబడినవాళ్లంతా ఈలలు వేశారు.

వర్మ కంపెనీకి రాసి కొత్త ఇంజిను తెప్పించుకున్నాడు. రాజుగారు మాత్రం నన్ను బెజవాడ ఆటోనగర్‌లో పాండురంగం మేస్త్రి షెడ్డుకి పంపారు.

"ఏం బావా, శవానికి పెళ్లి చేస్తున్నావంట?" అన్నాడు వర్మ.

"ఒరేయ్, పాండురంగం చేతిలో పడ్డ ఇంజిను కొత్తదానికి తాత అవుద్దిరా. రెండూ రడీ అయ్యాక పేరుపాలెం రోడ్డు మీద చూద్దాం, ఎవడి పస ఎంతో."

పాండురంగం బొజ్జా, నోరూ రెండూ పెద్దవే. తను బాగుచేసిన ఇంజిన్లను పోలవరం కొండమీద పెట్టినా పరిగెడతాయనేవాడు. గొప్పల సంగతి పక్కనబెడితే పని మాత్రం తెలిసినవాడు. వంగిన రాడ్లు పారేసి కొత్తవి వేశాడు. సిలిండర్లు బోరు చేయించి కొత్త పిస్టన్లు, కొత్త రింగులు దించాడు. సిలిండరు గోడల మీద సన్నటి అడ్డగీతలు గీశాడు. నున్నబడ్డ తిరగలి రాయికి గరుకు కోసం కక్కు కొడతారే, అలాంటిదే అది. రింగులు ఆ గీతలమీద బలంగా ఒరుసుకుంటేనే రెండూ ఒకదానికొకటి అమరుతాయి. అమరకపోతే నూనె పైకెగబాకి కాలుతుంది. తెల్ల తొడుగులవాళ్లు చేసినదానికి పాండురంగం చేసింది వెంట్రుకవాసి కూడా తీసిపోలేదు. కొత్తదానికీ నాకూ తేడా అంతా బయటి రంగులోనే.

నన్ను అప్పజెబుతూ అతను ఒక మాట అన్నాడు.

"బాలింత అనుకోండి రాజుగారూ. కొన్నాళ్లు తొక్కొద్దు. మెల్లగా తిప్పండి."

లారీలవాళ్లందరికీ జీవితమంతా చెప్పిన మాటే అది. లారీలు మెల్లగా వెళ్లినా వీపుమీద ధాన్యం బస్తాలుంటాయి. ఆ బరువుకి రింగులు వాటంతటవే కూర్చుంటాయి. ఈ కారు ఖాళీగా, ఈకలా పోతుంది కదా, దీనికి ఆ మాట పనికొస్తుందా అని అతనికి తోచలేదు.

మెల్లగా తిప్పే ఓపిక రాజుగారికి లేదు. అందుకోసం ఏడుకొండల్ని పిలిపించారు. ఏడుకొండలు పాత లారీ డ్రైవరు. నడుంలో పూస జారినప్పటినుంచి లారీల వాళ్లెవరూ దగ్గరికి రానివ్వడంలేదు. కాన్పుకొచ్చిన కూతురు పసిబిడ్డతో ఇంట్లో ఉంది. స్టీరింగు పట్టుకోవడం తప్ప ఇంకో పని చేతకాదు.

"కొండలూ, ఇంజిను నిలబడిందా, నువ్వు మా ఇంటి డ్రైవరువి, కడదాకా. తేడా వచ్చిందా, ఈ చుట్టుపక్కల ఎవడూ నీకు ఎడ్లబండి కూడా ఇవ్వడు. బాలింతలా చూసుకోమన్నాడు మేస్త్రి."

"ఆయ్, నాకు చెప్పాలాండి? ఇంట్లో బాలింతని చూసుకుంటానే ఉన్నానండి."

అన్నంత పనీ చేశాడు. నాకు పథ్యం పెట్టాడు. పొద్దున్నే నన్ను లేపి, చలికాచినట్టు కాసేపు వట్టినే తిప్పి, ఆపైన రోడ్డెక్కేవాడు. పెడలు మీద కాలు పెట్టేవాడు కాదు, కాలి బొటనవేలు ఆనించేవాడు. పాలవాడి మోపెడు మమ్మల్ని దాటిపోయేది. బాతుల మందను తోలుకెళ్లే మనిషి మాతో సమానంగా నడుస్తూ, "ఏంటి కొండలన్నా, పెట్రోలు పోసుకోకుండా తోసుకెళ్తన్నావా?" అని అడిగాడు.

"నీకేం తెలుసురా, పచ్చి ఒళ్లు దీనిది" అన్నాడు ఏడుకొండలు. తరవాత నా బానెట్టు మీద చెయ్యేసి, "నువ్వు పట్టించుకోకు తల్లీ" అన్నాడు.

తల్లీ అట! ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయేది. నాకు కావలసింది దెబ్బలు. ఒక్కసారి కాలు అదిమి నొక్కితే చాలు, పేలుడు బలానికి రింగులు విచ్చుకుని గోడల్ని పట్టుకునేవి. ఈ మహానుభావుడు నన్ను జోకొట్టాడు. జోకొట్టిన ప్రతిరోజూ నూనె నా గోడలకి పల్చగా అంటుకుని, కాలి, మెరుగుపెట్టినట్టు నున్నబడింది. గీతలన్నీ పూడిపోయాయి. ఇంత ప్రేమతో ఎవరినైనా చంపడం నేను అంతకుముందు చూడలేదు.

అవతల వర్మ తన కొత్త ఇంజిన్ని పెట్టెలోంచి తీసిన రోజునే చావగొట్టడం మొదలుపెట్టాడు. కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం విప్పనైనా లేదు. బరబరా ఈడ్చి, గియర్లు విరిగేలా మార్చి, కుక్కల్ని, కోళ్లని రోడ్డు దింపి తోలాడు. ఆ కొత్తది ఇనుములా గట్టిపడింది.

పేరుపాలెం రోడ్డు మీద చుట్టాలంతా చేరారు. ఆ రోజు స్టీరింగు రాజుగారిది. కాలు అదిమి తొక్కారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నా గొట్టంలోంచి నీలం పొగ గుప్పుమని లేచి సరుగుడు తోపుల్లోకి పాకింది. వర్మ మమ్మల్ని దాటుతూ అద్దం దించాడు.

"బావా, దోమల మందు కొడుతున్నావా? మునిసిపాలిటీ వాళ్లు నీకు ఉజ్జోగం ఇస్తార్రోయ్!"

జనం పడిపడి నవ్వారు. రాజుగారు కారు దిగి తిన్నగా నడిచి వెళ్లి, చెంబుతో నీళ్లు తెస్తున్న ఏడుకొండల్ని అందరిముందూ చెంపమీద కొట్టారు. చెంబు దొర్లిపోయింది.

మర్నాడు షెడ్డులో పాండురంగం నా తల ఊడదీశాడు. రాజుగారు, ఏడుకొండలు చెరోపక్కా నిలబడ్డారు. మేస్త్రి లైటు పెట్టి లోపలికి చూశాడు. గోడలు అద్దాల్లా ఉన్నాయి. గీత లేదు. అతని మొహం పాలిపోయింది. ఏం జరిగిందో, ఎవరి మాటవల్ల జరిగిందో ఆ క్షణానే అర్థమైందని నాకు తెలుసు. అతని మొహాన్ని నా సిలిండరు గోడలే నాకు చూపించాయి. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తల ఎత్తాడు.

"తొక్కేశాడండి. పచ్చి ఇంజిన్ని తొక్కి నాశనం చేశాడు."

"అబద్ధమండి!" ఏడుకొండలు అరిచాడు. "నా మనవడి మీద ఒట్టండి. బొటనేలు తప్ప ఆనించలేదండి బాబూ."

"ఒక్కసారి కూడానా?" అన్నాడు పాండురంగం మెత్తగా.

ఏడుకొండలు తడబడ్డాడు. నిజం చెప్పే రోగం ఉన్నవాడు. "ఒక్కసారండి. వంతెన ఎక్కుతుంటే ఎనకాల బస్సు మీదకొచ్చేసిందండి. బయపడి నొక్కేశానండి. గట్టు దిగే వరకేనండి."

ఆ వంతెన నాకు బాగా గుర్తు. నేను నిండా ఊపిరి పీల్చింది అక్కడొక్కచోటే. అలా పది వంతెనలు ఎక్కించి ఉంటే నేను బతికేదాన్ని.

"చూశారా?" అన్నాడు మేస్త్రి.

"కడుపుకి అన్నమే తింటున్నావా?" అన్నారు రాజుగారు. కొత్త ఇంజినుకి కంపెనీవాళ్లతో ఫోనులో మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. బాగుచేసిన ఇంజిన్లు బతకవని భీమవరమంతా ఆయనే చాటింపు వేశారు.

భీమవరంలో ఎవరూ ఏడుకొండలుకి స్టీరింగు ఇవ్వలేదు. తిరిగి తిరిగి ఆఖరికి పాండురంగం దగ్గరికే వచ్చాడు. ఇంజిన్లని ఎత్తి దించే గొలుసు లాగే పని ఇచ్చాడు మేస్త్రి. ఎంత జాలిగుండె అనుకున్నారు ఆటోనగర్‌లో. జారిన నడుంతో అతను గొలుసు లాగుతుంటే, వచ్చిన గిరాకీలకి మేస్త్రి వేలుపెట్టి చూపించేవాడు. "అదిగో, స్పోర్ట్సు కారు ఇంజిన్ని తగలేసినాయన ఈయనే. నా పనిలో లోపం ఉండదు, తోలేవాళ్ల చేతుల్లో ఉంటది." ఏడుకొండలు తల దించుకుని నవ్వేవాడు. వంతెన మీద ఎందుకు నొక్కానా అని నా పక్కన కూర్చుని నాకే చెప్పుకునేవాడు.

రాజుగారు షెడ్డులోనే వదిలేసిన నా గోడల మీద పాండురంగం మళ్లీ గీతలు గీశాడు. కొత్త రింగులు వేశాడు, వెండిరంగు పూశాడు. ఎక్కడినుంచో ఇంగ్లీషు అక్షరాలున్న చెక్కపెట్టె తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. నన్ను కొత్తదని నమ్మి, హైదరాబాదునుంచి ఒక కుర్రాడు తన కారు తెచ్చుకున్నాడు. గొలుసు బిగించి ఏడుకొండలు నన్ను పైకి లేపాడు. నేను గాల్లో వేలాడుతున్నాను. నా కిందే, కారు నోట్లోకి వంగి, పాండురంగం బోల్టులు సర్దుతున్నాడు.

"కొన్నాళ్లు మెల్లగా నడపాలా అంకుల్?" అన్నాడు కుర్రాడు.

"అస్సలు వద్దు బాబూ! ఇవాళ్టినుంచే అదిమి తొక్కండి. జోకొడితే రింగులు కూర్చోవు, నీలం పొగొస్తది. నేను చూశాగా ఒకదాన్ని."

గొలుసు ఆగిపోయింది.

"మేస్త్రీ," అన్నాడు ఏడుకొండలు, "నేను మెల్లగా నడిపినందుకాండి?"

పాండురంగం తల ఎత్తాడు. నన్ను చూశాడు, గొలుసు చూశాడు, ఆ గొలుసు పట్టుకున్న మనిషి మొహం చూశాడు. నా కిందనుంచి తల వెనక్కి తీసుకోలేదు. ఈ మనిషి ఏం చెయ్యగలడో, ఏం చెయ్యలేడో అతనికి బాగా తెలుసు.

"తిన్నగా పట్టుకో కొండలూ. కొత్త ఇంజిను, గీత పడుద్ది."

గొలుసు వదిలెయ్యమని, అతని మీద పడనివ్వమని నేను ఎంత మొత్తుకున్నానో. మాకు నోళ్లు ఉండవు. ఏడుకొండలు పళ్లు బిగించి, నడుం పట్టేస్తుంటే కళ్లనీళ్లు కారుతుండగా, లింకు తరవాత లింకు వదులుతూ, బాలింతని మంచం మీదకి చేర్చినట్టు నన్ను కిందికి దించాడు. చప్పుడైనా కాలేదు.