గోడ దగ్గర పది నిమిషాలు

ఆ ఇంట్లో గిన్నెలు తోమే తొట్టి అత్తగారి ఎత్తుకి కట్టించారని అందరూ అనుకునేవారు. అత్తగారు పొట్టి, కోడలు పొడుగు. పొద్దునా సాయంత్రం ఆ తొట్టి ముందు ఆమె మడతపెట్టిన దుప్పటిలా వంగి నిలబడేది. ఒక్క గిన్నె కడగమంటే మొగుడు, "అబ్బే, మరీ కిందికుంది, నాకు నడుం పట్టేస్తుంది," అనేవాడు. ఆమెకి మాత్రం నడుం ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు. అటక మీదవన్నీ అందిస్తుందని ఆయన ముద్దుగా ‘నిచ్చెన’ అని పిలిచేవాడు. పని అయిపోయాక నిచ్చెననైనా గోడకి చేరేస్తారు, ఆమెకి ఆ భాగ్యం కూడా లేదు. పనిచేసే మందుల షాపులో పొడుగు మనిషని పై అరలు ఆమెకి అప్పజెప్పారు. కింది అరలు కూడా తనకే ఎందుకిచ్చారో అడగాలని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

అసలు వంగడం తొట్టి దగ్గర మొదలవలేదు, పెళ్లి ఫొటోలో మొదలైంది. "కాస్త వంగమ్మా, మావాడికంటే ఎత్తు కనబడుతున్నావు," అన్నారు అత్తగారు నవ్వుతూనే. వంగింది. ఫొటో తీశారు, అందరూ భోజనాలకి వెళ్లిపోయారు. ఇక లేవచ్చని ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్లయింది.

మొన్న షాపులో సిరప్ సీసాల పెట్టె ఎత్తబోయి ఉన్నచోటే కూలబడింది. ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఇంట్లో తొట్టి సంగతీ షాపు సంగతీ అడిగి తెలుసుకుని, అంతా పరీక్షించి, ఆమెని గోడకి ఆనించి నిలబెట్టింది. "మడమలు, భుజాలు, తల, అన్నీ గోడకి తగలాలి. ఊపిరి నిండా పీల్చు." తల గోడని తాకగానే ఆమెకి బొటబొటా కన్నీళ్లు కారాయి.

"నొప్పా అమ్మా?"

"కాదండీ. ఇంత ఎత్తునుంచి చూసి చాన్నాళ్లయింది."

"ఎముకలకేం కాలేదు, అలవాటే నిన్ను అరగదీస్తోంది. రోజూ పది నిమిషాలు ఇలా నిలబడు. ఆ తొట్టి ఎత్తించు. లేదంటే షాపు మానేసి మంచం పట్టాల్సొస్తుంది."

షాపు మానడమా! ఆ ఇంట్లో ఆమెది అంటూ ఉన్నది ఆ ఉద్యోగమొక్కటే. మర్నాడే హాల్లో గోడకి ఆనుకుని నిలబడింది. "టీ ఏదీ?" అన్నాడు మొగుడు. "గోడ దగ్గరున్నాను," అంది. ఆ మాటలో ఏం మహత్యముందో, ఆయన గొణుక్కుంటూ వెళ్లి తనే పెట్టుకున్నాడు. పెళ్లయ్యాక ఎవరి పనీ చెయ్యని పది నిమిషాలు ఆమెకి అవే మొదలు. నాలుగు వారాల్లో నొప్పి సగం తగ్గింది. దాంతోపాటు చీటికీమాటికీ వచ్చే చిరాకూ తగ్గింది. షాపుకి నడుస్తూ కూనిరాగాలు తీస్తోంది.

ఒకరోజు అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. "నాకూ నడుంనొప్పే, నేర్పవే."

"మీ ఎత్తుకి కట్టిన తొట్టేగా, మీకెందుకండీ నడుంనొప్పి?"

"నా ఎత్తా? అది మా అత్తగారి ఎత్తు. ఆవిడ నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. నేనూ వంగే తోమాను."

ఇద్దరూ గోడకి ఆనుకునే పడీపడీ నవ్వారు. వారం తిరక్కుండా మేస్త్రీ వచ్చి తొట్టి ఎత్తు పెంచాడు. ఆ ఎత్తు మొగుడికీ సరిగ్గా సరిపోయిందని తేలింది. పాపం, ఆయనకి ఇక చెప్పుకోడానికి నడుం కూడా మిగల్లేదు. రాత్రి గిన్నెలు ఆయన వంతుకొచ్చాయి.

అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి అందరూ స్టూడియోకి వెళ్లారు. ఆవిడ మధ్యలో కుర్చీలో కూర్చున్నారు, వెనక కొడుకూ కోడలూ నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి, "మేడమ్, మీరు కాస్త వంగాలండీ. సార్ కంటే ఎత్తు కనబడుతున్నారు," అన్నాడు.

మొగుడు ఆమెవైపు చూశాడు. ఇరవై రెండేళ్ల అలవాటు కదా, మెడ దానంతటదే కిందికి దిగబోయింది. ఆమె వెనక గోడ కోసం వెతికింది. లేదు. అయినా మడమలు నేలకి ఆనాయి, భుజాలు వెనక్కి వెళ్లాయి, తల నిలిచింది. అత్తగారు కుర్చీలోంచి తల తిప్పి కోడలి మొహంలోకి చూశారు, ఏం చెబుతుందోనని.

"వంగనండీ," అంది ఆమె నవ్వుతూ. "ఆయనకి పీట వెయ్యండి."