పలక మీద పాలకూర

నేను ఒక పలకను. ఈ రోజుల్లో పలక అంటే చాలామందికి అట్టపలకో ప్లాస్టిక్ పలకో గుర్తొస్తుంది. నేను ఆ జాతి కాదు, అసలు సిసలు మార్కాపురం రాతి పలకను. నేల కడుపులో పొరలు పొరలుగా హాయిగా పడుకున్న నన్ను తవ్వి తీసి, ఉలితో పొర విడదీసి, కోసి, నున్నగా రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగించారు. రాయిగా ఉన్నన్నాళ్లూ నాకు పనీ పాటా లేదు. పలకనయ్యాక చదువూ సంధ్యా అంటగట్టారు.

నన్ను ఒంగోలు బజారులో కొన్నవాడు అంకయ్య. కొడుకు శేషగిరిని బళ్లో వేసేటప్పుడు కొట్టులో ఉన్న పలకలన్నీ వేలితో కొట్టి చూసి, మోత బాగుందని నన్ను ఎంచుకున్నాడు. శేషు నా మీద అక్షరాలు దిద్దినదానికన్నా ఎండకు నెత్తిన పెట్టుకున్నదే ఎక్కువ. దొండాకుతో తుడిచేవాడు, ఆకు దొరక్కపోతే ఉమ్మితో తుడిచేవాడు. మనుషులు చదువును సరస్వతి అంటారు, దాని మీద ఉమ్ముతారు, ఆ వెంటనే కళ్లకు అద్దుకుంటారు. వాళ్ల సంగతి నాకు అప్పుడే కొంత అర్థమైంది. శేషు పెద్దవాడయ్యాక అటక ఎక్కాను. అతని కూతురు చైత్ర కోసం మళ్లీ దిగాను. ఆ పిల్ల నన్ను ఒకసారి కింద పడేసి మూల విరగ్గొట్టి, తర్వాత నోటు పుస్తకాల్లోకి వెళ్లిపోయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నన్ను చేతిలోకి తీసుకున్నది శేషు భార్య సుభాషిణి.

ఆమె బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే రాత్రి తొమ్మిది దాటాకే ఇల్లు చేరుతుంది. శేషు తెల్లవారుజామున పాలవ్యాను తోలి మధ్యాహ్నానికి వస్తాడు. అందుకని ఆ ఇంట్లో రాత్రి వంట శేషుదే. అంకయ్యకు డెబ్బై నిండాయి. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఊళ్లో ఒక అపార్టుమెంటు దగ్గర రాత్రి కాపలా ఉద్యోగం చేస్తాడు. చీకటి పడేవేళకు క్యారేజీ పట్టుకుని వెళ్లి, కార్లన్నీ లోపలికి వచ్చాక గేటు మూసి, అప్పుడు చల్లారిన అన్నం తింటాడు. పోయిన వానాకాలంలో అక్కడ కాలు జారి పడ్డాడు. మోకాలు వాచింది. మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది.

“ఇంక చాలు మావయ్యా, మానెయ్యండి,” అంది సుభాషిణి.

“మానేస్తే సరుకులు ఎట్టా వస్తాయమ్మా? నా జీతం మొత్తం వంటింటికే గదా పోతా ఉంది.”

అది నిజమే. శేషు సంపాదన అద్దెకూ వ్యాను వాయిదాలకూ, ఆమె జీతం చైత్ర ఫీజుకూ మిగతా ఖర్చులకూ సరిపోయేవి. కానీ సుభాషిణి మొండిది. “మీ జీతం ముట్టుకోకుండా రెండు నెలలు ఇల్లు నడిపి చూపిస్తా. నడిపితే మానేస్తారా?” అంది. అంకయ్య నవ్వి, “నడిపితే మానేస్తా,” అన్నాడు. అలా పందెం పడింది. ఆ రాత్రే ఆమె నన్ను కడిగి, తుడిచి, వంటింటి గోడకు తగిలించింది.

నా మీద అప్పటిదాకా ‘అ’లూ ‘ఆ’లూ ఎక్కాలూ రాశారు. ఆమె కూరలు రాసింది. ఆదివారం పొద్దున బలపం పట్టుకుని వారం మొత్తానికీ ఏ పూట ఏం వండాలో రాసేది. ఆకుకూరలు త్వరగా వాడిపోతాయి కాబట్టి సోమవారమూ మంగళవారమూ వాటికే. గుమ్మడికాయ, దోసకాయ ఆగుతాయి కాబట్టి అవి శుక్ర శనివారాలకు. రాత్రి అన్నం మిగిలితే పొద్దున పులిహోర. ఆ రాత కళ్లతోనే బట్టీపట్టి రైతుబజారుకు వెళ్లేది, అందులో లేనిది వంకాయ మెరిసిపోతున్నా కొనేది కాదు. మొదటి నెల గట్టెక్కింది. ఒకటో తారీకున మావగారి జీతం మావగారి చేతిలోనే ఉంచి ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. కళ్లెక్కడివని అడక్కండి.

రెండో నెలలో నూనె ధర పెరిగింది. “ఈ నెల బిగుతుగా ఉందయ్యా, గట్టెక్కుతానో లేదో,” అని ఒక రాత్రి ఆమె శేషుతో అంది. అంకయ్యకు ఆ రోజు సెలవు. పక్కగదిలో పడుకున్నాడు గానీ నిద్రపోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, శేషు కునుకు తీస్తుండగా, అంకయ్య టీ గ్లాసుతో నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ‘సోమవారం పాలకూర పప్పు’ అని చదివాడు. అటూ ఇటూ చూశాడు. బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని ‘పాలకూర’ను తుడిచేశాడు. ఇక మిగిలింది పప్పు. మరో రెండు రోజులకు ‘మునక్కాయల సాంబారు’లో మునక్కాయలు పోయాయి. గురువారం ‘వంకాయ టమాటా’లో టమాటా పోయింది. కోడలు ఓడిపోకూడదని ఆయన తాపత్రయం. తను మానేయాలన్న ఆశ ఉందో లేదో గానీ ఆ పిల్ల మొహం చిన్నబోవడం మాత్రం ఆయన చూడలేడు. ఇంత మంచి మనిషి ఒక్క చిన్న సంగతి మర్చిపోయాడు. ఆ కూరలన్నీ ఆదివారమే కొనేసి ఫ్రిజ్ కింది అరలో ఉన్నాయి. మాట చెరిపేస్తే ఖర్చు కూడా చెరిగిపోతుందనుకున్నాడు పాపం.

శేషు సంగతి చెప్పాలంటే, దేవుడి మాటనైనా జవదాటుతాడేమో గానీ నా మాట దాటడు. తెల్లవారుజామున లేచినవాడు సాయంత్రానికి సగం నిద్రలో ఉంటాడు. నా మీద ఏది ఉంటే అదే వండుతాడు, నా మీద లేనిదాని కోసం కింది అర తెరవనే తెరవడు.

“ఏందయ్యా ఇది, పాలకూర పప్పు గదా నేను రాసింది?”

“నాకేం తెలుసు? పలక మీద పప్పని ఉంది, పప్పు చేశా.”

ఆమె నా వంక చూసింది. నిజంగానే పప్పు అనే ఉంది. పొద్దంతా చీరలు మడతపెట్టి మడతపెట్టి తన బుర్రే మందగించిందనుకుంది. అలా రెండు వారాలు గడిచాయి. పలచటి పప్పూ ఒట్టి సాంబారూ తినలేక తండ్రీ కూతుళ్లు సందు చివర బండి దగ్గర పునుగులు తినడం మొదలుపెట్టారు. కింది అరలో ఆకుకూరలు కుళ్లాయి, మునక్కాయలు ఎండాయి, టమాటాలు నీరు కారాయి. సుభాషిణి మళ్లీ కొంది. నెలాఖరుకు ఇంకా వారం ఉండగానే సరుకుల డబ్బు అడుగంటింది. నాకు అంతా తెలుసు. చెబుదామంటే నా మీద ఎవరో ఒకరు రాస్తే తప్ప నాకు నోరు లేదు. ఆ వారం నేను నిజంగా బాధపడ్డాను.

షాపు యజమాని బంధువులెవరో పోయారని ఒక మధ్యాహ్నం ఆమెను త్వరగా పంపేశారు. ఆమె చెప్పులు విడిచి వంటింట్లోకి వచ్చేసరికి అంకయ్య బొటనవేలు నా మీదే ఉంది. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఫ్రిజ్ కింది అర లాగి, నల్లబడిన పాలకూర కట్ట తీసి ఆయన ముందు పెట్టింది.

“మీరు చెరిపారు గదా మావయ్యా, ఇదిగో, ఇక్కడుంది.”

అంకయ్య ఆ కట్టను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “నీకేదో సాయం చేద్దామనుకున్నానమ్మా,” అన్నాడు. “నువ్వు గెలవాలనుకున్నా. నేనే ఓడగొట్టా.”

సుభాషిణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని, నా మీద ఉన్నదంతా శుభ్రంగా తుడిచేసి, బలపం ఆయన చేతికిచ్చింది. “ఇంకెప్పుడూ నా వెనకాల చెరపొద్దు. నా ముందర రాయండి. వచ్చే వారం మీరు చెప్పింది వండుకుందాం. మీకేం తినాలనుంది?”

“ఏదైనా పరవాలేదమ్మా.”

“ఏదైనా అనే కూర రైతుబజార్లో దొరకదు మావయ్యా. పేరు చెప్పండి.”

అంకయ్య బలపం పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ఎంతకీ రాయడు. నేను దగ్గర నుంచి ఆ మొహం చూశాను. రాయడం చేతకాక కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది తిన్నాడు, పెళ్లయ్యాక పెట్టింది తిన్నాడు, ఇప్పుడు క్యారేజీలో కట్టింది తింటున్నాడు. నీకేం కావాలని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, తనను తాను కూడా అడుక్కోలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. పొయ్యి మీద టీ పెట్టి, అటు తిరిగి నిలబడింది.

చివరికి బలపం నాకు తగిలింది. లావాటి, వంకర అక్షరాలు. సోమవారం ఎదురుగా ఆయన రాసింది ఇది:

‘వేడన్నం. ఇంట్లో.’

సుభాషిణి చదివింది. మళ్లీ చదివింది. “మరి డ్యూటీ మావయ్యా?” అంది నెమ్మదిగా.

“పందెం ఓడింది నువ్వు కాదు గదమ్మా. ఈ రాత్రే పోయి, ఇంకో మనిషిని చూసుకోమని చెప్పొస్తా. రైతుబజారుకు నేనే పోతా. పొద్దు వాలాక పోతే చవగ్గా ఇస్తారు.” “కూర నీ ఇష్టం,” అని చేర్చాడు.

సోమవారం రాత్రి శేషు పాలకూర పప్పు చేశాడు. సుభాషిణి వచ్చేదాకా ఎవరూ తినలేదు. నలుగురూ నా కిందే చాప మీద కూర్చున్నారు. ఆమె గిన్నె మీది మూత తీసి, పొగలు కక్కుతున్న అన్నం ముందుగా మావగారి కంచంలో వడ్డించింది. ఆయన ఆత్రంగా చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు.

“అయ్యో, కాలిందా మావయ్యా?”

“కాలిందమ్మా,” అన్నాడు అంకయ్య, వేళ్లు ఊదుకుంటూ, ఎంతో సంతోషంగా.