డెల్మి పేరున్న పలక

మా ఊరి చర్చితో చెలిమి కట్టిన జర్మనీ చర్చిని మూసేశారని ఉత్తరం వచ్చింది. పూజకు వచ్చేవాళ్లు లేరట. ముప్పై ఏళ్ల చెలిమి ఒక్క కాగితంతో సరి. దాంతోపాటు ఒక పెట్టె కూడా పంపారు. మా చర్చి తాళాలు నా దగ్గరుంటాయి గనక అది నా నెత్తిన పడింది.

అందులో ఉన్నది చెక్క పలక. మా దేశపు అంతర్యుద్ధంలో సైనికులు పట్టుకుపోయిన మా ఊరి పిల్ల డెల్మి పేరూ, పుట్టిన తేదీ చెక్కి, జ్ఞాపకంగా వాళ్ల చర్చి గోడకు బిగించుకున్న పలక. పోయిన తేదీ ఎవరికీ తెలియదు, ఆ చోటు ఖాళీగా వదిలేశారు. శవం దొరకలేదు.

సమాధుల పండుగకు మా ఎల్ సాల్వడోర్‌లో ప్రతి సమాధికీ కాగితం పూలు కడతాం. డెల్మి తల్లి ఎర్సీలియాకు కట్టేందుకు సమాధి లేదు. అందుకని ఏటా దండ చేసి, జూలైలో మమ్మల్ని చూడవచ్చే జర్మనీ వాళ్ల చేతికిచ్చేది. నవంబరులో వాళ్లు దాన్ని పలకకు వేసి ఫొటో పంపేవాళ్లు. ఈ ఏడు జూలైలో ఎవరూ రాలేదు.

పలక చంకన పెట్టుకుని ఎర్సీలియా ఇంటికి వెళ్లాను. ఆమె ఊదారంగు కాగితం కత్తిరిస్తోంది.

"దండ తీసుకెళ్లే మనిషి దొరికాడా, మోంచో?"

"లేదు పిన్నీ. పిల్లే తిరిగొచ్చింది." నా నోటికి బుద్ధి లేదు.

పలకను ఒళ్లో పెట్టుకుని అక్షరాలు తడిమింది. జర్మనీ చర్చి మూసిన సంగతి చెప్పాను.

"మన శ్మశానంలోనే నాటుదాం. ఇక దండ పక్కవీధి దాకా మోస్తే చాలు," అన్నాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా. పలక అక్కడున్నన్నాళ్లూ నా పిల్ల దూరదేశంలో ఉందనుకునేదాన్ని. ఫొటో వస్తే దాని ఉత్తరం వచ్చినట్టుండేది. ఇక్కడ నాటితే చచ్చిపోయినట్టేగా."

సమాధి లేదనే ఏడుస్తోందని నలభై ఏళ్లుగా ఊరంతా జాలిపడ్డాం. మా జాలి మండిపోను.

అయినా మా చర్చి ఫాదర్ నాటమన్నాడని పండుగ పొద్దున శ్మశానంలో గొయ్యి తవ్వాను. ఆమె వస్తుందనుకోలేదు. పలకనూ దండనూ మోసుకుంటూ ఒక్కతే వచ్చింది. గొయ్యి వంక చాలాసేపు చూసింది.

"చాకు ఉందా?"

"ఉంది పిన్నీ."

"అయితే ఆ ఖాళీలో ఇవాళ్టి తేదీ చెక్కు."

చెక్కాను. ఆమె ఒక్కో అంకే తడిమి చూసుకుని, పలకను గోతిలో నిలబెట్టింది. అప్పుడు ఏడ్చింది, అప్పుడే కబురు తెలిసిన తల్లిలా.